ముప్పావుగంట, పన్నెండుసార్లు

మా పిన్ని బీరువాలో ఒక బట్టలకొట్టు కవరు ఉండేది. అందులో రెండేళ్ల రిపోర్టులు. మూడు ఈసీజీలు, ఒక ఎకో, రెండుసార్లు చేయించిన థైరాయిడ్ పరీక్ష, కడుపు స్కానింగు, గొంతులోంచి గొట్టం వేసి చూసిన పరీక్ష ఒకటి. గుండెల మీద బరువు, నడుం నొప్పి, తిన్నది అరగకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ రావడం. ఒక్కో బాధకి ఒక్కో డాక్టరు. అన్ని కాగితాల కిందా ఒకటే మాట: నార్మల్. బాబాయి ఒకరోజు కూర్చుని లెక్క కడితే ఖర్చు 31 వేలు దాటింది. నార్మల్ అంటే ఎవరైనా సంతోషిస్తారు. ఆవిడ మాత్రం ఒక్కో నార్మల్ రిపోర్టుకీ ఇంకాస్త కుంగిపోయేది. "నేను నాటకాలాడుతున్నానని అనుకుంటారురా" అనేది నాతో.

చివరికి గుంటూరులో ఒక పెద్ద డాక్టరుగారు ఆ కవరంతా ఓపిగ్గా చూసి పక్కన పెట్టి, "అమ్మా, ఈమధ్య మీకు దేనికైనా సంతోషమనిపించిందా?" అని అడిగారు. పిన్ని జవాబు చెప్పలేకపోయింది. ఏడ్చింది. ఆయన మానసిక వైద్యుడికి చీటీ రాసిచ్చారు. అక్కడ పరీక్షించి డిప్రెషన్ అన్నారు. మాత్రలు మొదలుపెట్టి, సైకాలజిస్టు దగ్గర మాటలతో చేసే చికిత్సకీ పంపారు. దాన్నే థెరపీ అంటున్నాం. వారానికి ముప్పావుగంట చొప్పున పన్నెండు వారాలు. మొత్తం కలిపితే తొమ్మిది గంటలు. మూడు పెద్ద సినిమాల నిడివి. రెండేళ్లు తిరిగాక ఆవిడకి దొరికిన ఆ తొమ్మిది గంటల గురించి, ఆ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయేవాళ్ల అనుమానాల గురించి ఇక్కడ వివరంగా చెబుతాను.

మొదటి అనుమానం ఎప్పుడూ ఇదే: "నాకున్నది మామూలు దిగులేమో, దీనికీ డాక్టరా?" దిగులు జబ్బు కాదు. తండ్రి పోయినా, పంట పోయినా, ఉద్యోగం పోయినా మనిషి ఏడుస్తాడు. ఆ ఏడుపులోనూ మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చుంటే కాసేపు తేలికపడతాడు. డిప్రెషన్‌లో ఆ తేలిక రాదు. పత్రికల్లో దీన్ని కుంగుబాటు అని రాస్తుంటారు. వైద్యులు ముందుగా చూసే గడువు రెండు వారాలు. దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువసేపు మనసు కుంగి ఉండటం, లేదా ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం. దాంతోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం. ఇంటిపనో బయటిపనో సాగకపోవడం. ఇవి రెండు వారాలు దాటి ఉంటే ఒకసారి చూపించుకోవడం అతి కాదు.

దీన్ని కొలవడానికి ఒక కొలబద్ద ఉంది. పేరు పీహెచ్‌క్యూ-9. 2001 నుంచి ప్రపంచమంతటా వాడుతున్నారు, తెలుగులోనూ దొరుకుతుంది. మొత్తం తొమ్మిది ప్రశ్నలు: మనసు, ఆసక్తి, నిద్ర, అలసట, ఆకలి, తనమీద తనకి చులకన, ఏకాగ్రత, కదలికలు మందగించడం లేదా కుదురు లేకపోవడం, చావు ఆలోచనలు. గత రెండు వారాల్లో అసలు లేకపోతే సున్నా, కొన్ని రోజులుంటే 1, సగానికి పైగా రోజులుంటే 2, దాదాపు రోజూ ఉంటే 3. అన్నీ కలిపితే గరిష్ఠం 27. 5 నుంచి తేలికపాటిది, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి కాస్త తీవ్రం, 20 నుంచి తీవ్రం. పిన్నికి మొదటిరోజు 17 వచ్చింది. అయితే ఇది థర్మామీటరు లాంటిది. జ్వరం ఎంతుందో చెబుతుందే తప్ప మలేరియానో టైఫాయిడో తేల్చదు. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా ఇలాంటి నీరసమే ఉంటుంది కాబట్టి డాక్టర్లు ఆ పరీక్షలు రాయడం తప్పు కాదు. అవి బాగున్నాయని తేలాక మనసు గురించి అడగకుండా ఇంటికి పంపేయడమే తప్పు.

తొమ్మిదో ప్రశ్న దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మొత్తం ఎంత వచ్చినా సరే, చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనో తనకి తాను హాని చేసుకోవాలన్న ఆలోచనో ఉంటే వచ్చేవారం అపాయింట్‌మెంటు కోసం ఎదురు చూడకండి. టెలీ మానస్ అనే ఫోను సేవ ఉంది, దాని నంబరు 14416కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రమాదం ఆ క్షణంలోనే ఉందనిపిస్తే దగ్గర్లోని ఆసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లండి, మనిషిని ఒంటరిగా వదలొద్దు. ఇంట్లో పురుగుమందు డబ్బాలూ పాత మాత్రల సీసాలూ ఉంటే అవతల పెట్టించండి. ఆ ఆలోచన ఉందా అని అడిగితే లేనిది పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు. నెమ్మదిగా, సూటిగా అడిగితే చాలామందికి బరువు దిగినట్టే ఉంటుంది.

రెండో అనుమానం: "ఇంత లోకంలో నాకొక్కదానికేనా?" బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో పన్నెండు రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పద్ధెనిమిదేళ్లు దాటినవాళ్లలో ప్రతి ఇరవై మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వచ్చినట్టు అందులో తేలింది. యాభై మందితో వెళ్తున్న ఆర్టీసీ బస్సు ఊహించుకోండి. అందులో ఇద్దరో ముగ్గురో ఆ దారిన పోయివచ్చినవాళ్లే. సర్వే చేసిన సమయానికి డిప్రెషన్‌తో ఉన్నవాళ్లు నూటికి 2.7 మంది, అంటే అదే బస్సులో ఒకరు. ఆ పన్నెండు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ లేవు. కానీ 2017 సంవత్సరానికి దేశమంతటికీ వేసిన మరో అంచనా లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది. దాని ప్రకారం దేశంలో 4.57 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ జనాభా ఐదు కోట్లకి కాస్త తక్కువ. ఇంచుమించు ఒక రాష్ట్రమంత మంది. ఆ అంచనాలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల వరసలో మన రెండు రాష్ట్రాలూ ఉన్నాయి. రెండు అధ్యయనాలూ లెక్కకట్టిన పద్ధతులు వేరు కాబట్టి అంకెలు అచ్చంగా కలవవు. మీరు ఒంటరివారు కాదని మాత్రం రెండూ చెబుతున్నాయి.

ఇక ఇంట్లో వినిపించే ప్రశ్న. "నీకేం తక్కువే? ఇల్లుంది, పిల్లలు స్థిరపడ్డారు." బాబాయి ప్రేమతోనే అన్నాడు ఆ మాట, ఎన్నోసార్లు. వినేవాళ్లకి మాత్రం అది నేరారోపణలా తగులుతుంది. షుగరు వచ్చినవాళ్లని నీకేం తక్కువని అడగం. డిప్రెషన్‌కి ఒక్క కారణం ఉండదు. వంశంలో ఉండటం, చిన్ననాటి దెబ్బలు, అప్పులు, మద్యం, కాన్పు తర్వాతి రోజులు, దీర్ఘకాలపు జబ్బులు, ఒంటరితనం, ఇవన్నీ కలగలిసి వస్తుంది. ఆడవాళ్లలో మగవాళ్లకంటే సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. బాలింతలైతే పదిమందిలో ఒకరిద్దరికైనా రావచ్చు. "పురిటి నీరసంలే" అని తీసిపారేసే ఆ ఏడుపుని ఒకసారి చూపించాలి. అన్నీ ఉన్నవాళ్లకీ రావడమే ఇది జబ్బు అనడానికి గుర్తు.

మరి ఇంతమంది ఉంటే వైద్యం అందుతున్నది ఎందరికి? అదే సర్వేలో డిప్రెషన్ ఉన్న ప్రతి వందమందిలో సుమారు 85 మందికి చికిత్స అందడం లేదని తేలింది. మోకాలి చిప్ప విరిగిన వందమందిలో పదిహేనుగురికే కట్టు కట్టి మిగతావాళ్లని కుంటుతూ బతకమంటే ఊరుకుంటామా? నాకు ఈ ఒక్క అంకె మీదే ఎక్కువ కోపం.

కారణం సిగ్గు ఒక్కటే కాదు. డాక్టర్లు తక్కువ. 2019లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో లక్ష జనాభాకి 0.75 మంది మానసిక వైద్యులు ఉన్నారు. ముప్పావు మనిషి ఉండడు కాబట్టి దీన్ని నాలుగు లక్షలకి ముగ్గురు అనుకుందాం. నాలుగు లక్షల్లో పెద్దవాళ్లు రెండున్నర లక్షలు అనుకుంటే, 2.7 శాతం లెక్కన 6,750 మందికి డిప్రెషన్ ఉంటుంది. ముగ్గురికి పంచితే ఒక్కో డాక్టరుకి 2,250 మంది. రోజుకి పదహారు మందిని, మనిషికి అరగంట చొప్పున చూసినా అందరినీ ఒక్కసారి చూసేసరికి 140 పనిదినాలు. అప్పటికి మొదటివాళ్లు రెండోసారి రావలసిన గడువు ఎప్పుడో దాటిపోతుంది. పైగా ఆ డాక్టరు దగ్గరికి వచ్చేవి డిప్రెషన్ కేసులు ఒక్కటే కాదు. పెద్దాసుపత్రి ఓపీలో మీకు ఐదు నిమిషాలే దొరికితే దాని వెనకున్న లెక్క ఇది. డాక్టరుకి మీరంటే లెక్కలేక కాదు.

అందుకే ఎవరు ఏ పని చేస్తారో తెలిసి వెళ్తే సగం తిరుగుడు తగ్గుతుంది. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు. జబ్బు నిర్ధారిస్తారు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు అంటే సైకాలజీలో పీజీ చేసి, ఆపైన ఎంఫిల్ లాంటి ప్రత్యేక శిక్షణ ఆసుపత్రిలో పొంది, భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేసుకున్నవారు. వాళ్లు మందులు రాయరు, థెరపీ చేస్తారు. ఆ మండలిని ఆర్‌సీఐ అంటారు. వాళ్ల వెబ్‌సైటులో పేరు వెతికి చూసుకోవచ్చు, లేదా నేరుగా "మీ ఆర్‌సీఐ నంబరు చెబుతారా?" అని అడగొచ్చు. అసలు శిక్షణ ఉన్నవాళ్లు ఆ ప్రశ్నకి నొచ్చుకోరు. కౌన్సెలర్ అన్న బోర్డు మాత్రం రకరకాల చదువులవాళ్లు పెట్టుకుంటున్నారు. అందులో మంచి శిక్షణ ఉన్నవాళ్లూ ఉన్నారు, రెండు రోజుల కోర్సు చేసినవాళ్లూ ఉన్నారు. ఏం చదివారో, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారో అడిగి కూర్చోండి. స్కోరు 15 దాటినా, నిద్రా తిండీ పూర్తిగా దెబ్బతిన్నా, చావు ఆలోచనలున్నా ముందు సైకియాట్రిస్టు దగ్గరికే వెళ్లాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఆ తలుపు వేశాక లోపల ఏం జరుగుతుంది? పిన్ని భయమంతా దీని గురించే. పడుకోబెట్టి ఏదో చేస్తారనుకుంది. లోపల రెండు కుర్చీలు, ఒక టేబులు, గోడ గడియారం, ఒక కాగితపు రుమాళ్ల డబ్బా. థెరపీ చేసే మేడమ్ వయసు ముప్పై ఐదు ఉంటుందేమో. మొదటి రెండుసార్లు ఎక్కువగా అడిగింది, విన్నది. ఎప్పటినుంచి, రోజు ఎలా గడుస్తుంది, ఇంట్లో ఎవరెవరు, బాగున్న రోజుల్లో ఏం చేసేవారు. ఆ తర్వాత ఇంటికి పని ఇచ్చింది: ఒక నోటుబుక్కులో రోజులో ఏ పని చేస్తున్నప్పుడు మనసు బరువు పదికి ఎంతుందో రాసుకు రమ్మంది.

పిన్ని కొత్త పుస్తకం కొనలేదు. పాల లెక్క రాసుకునే పొడవాటి పుస్తకం వెనక పేజీల్లో మొదలుపెట్టింది. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను. "సోమవారం. పొద్దున ఆరు నుంచి తొమ్మిది మంచం మీదే. 9." "మధ్యాహ్నం ఒక్కదాన్నే టీవీ. ఏం చూశానో గుర్తు లేదు. 8." "మంగళవారం సాయంత్రం. పక్కింటావిడ గోంగూర తెచ్చింది. ఇద్దరం అరుగు మీద కూర్చుని ఆకు తుంచాం. 5." మేడమ్ ఆ ఐదు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిందట. "మంచం మీద తొమ్మిదున్నది అరుగు మీద ఐదుకి ఎలా దిగిందో చూద్దామా అమ్మా?" అని అడిగిందట.

ఈ పద్ధతికి బిహేవియరల్ యాక్టివేషన్ అని పేరు. తెలుగులో చెప్పాలంటే, మనసు బాగుపడ్డాక పని చేద్దామని ఆగకుండా, చిన్న పనితో మనసుని కదిలించడం. డిప్రెషన్ మనిషిని మంచానికి తోస్తుంది. మంచం మీద ఉన్నకొద్దీ మనుషులూ పనులూ దూరమవుతాయి, కుంగుబాటు పెరుగుతుంది. ఆ గొలుసుని ఎక్కడో ఒకచోట తెంపాలి. పిన్నికి ఇచ్చిన మొదటి పని ఉదయం ఏడింటికి వాకిట్లో ముగ్గు. పెద్దది వద్దు, నాలుగు చుక్కలది చాలు. మనసు రాకపోయినా సరే, ఏడింటికి. మొదటివారం ఏడు రోజుల్లో మూడు రోజులు వేయగలిగింది. వెయ్యని నాలుగు రోజుల గురించి తిడతారని భయపడుతూ వెళ్తే, మేడమ్ ఆ మూడు రోజుల గురించే అడిగింది.

ఐదో వారం నుంచి ఆలోచనల పని మొదలైంది. అమెరికాలో ఆరన్ బెక్ అనే వైద్యుడు 1960ల్లో, డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి కొన్ని ఆలోచనలు అడక్కుండానే చటుక్కున వచ్చి నిజంలా కూర్చుంటున్నాయని గమనించాడు. వాటిని బయటికి తీసి పరీక్షించడమే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. సీబీటీ అంటారు. బెంగళూరులో ఉన్న కోడలు ఫోన్ ఎత్తలేదు. పిన్నికి వెంటనే వచ్చిన ఆలోచన: "నేనంటే విసుగు." పుస్తకంలో గీత గీసి ఒకవైపు దానికి సాక్ష్యం, రెండోవైపు ఎదురు సాక్ష్యం రాయాలి. ఒకవైపు: ఎత్తలేదు. రెండోవైపు: పదకొండు గంటలకి ఆఫీసులో ఉంటుంది, కిందటి ఆదివారం తనే చేసింది, నా మోకాళ్లకి నూనె కొరియర్ చేసింది. దాన్ని అంతా బాగుందని సర్దిచెప్పుకోవడం అనుకోకండి. కోర్టులో వాదప్రతివాదాలు విన్నట్టు ఇరువైపులా వినడం అది. కొన్నిసార్లు చేదు ఆలోచనే నిజమని తేలుతుంది కూడా. అప్పుడు ఆ సమస్యకి ఏం చేయాలో కూర్చుని చూస్తారు.

వారానికి 168 గంటలు. అందులో ఆ గదిలో గడిచేది ముప్పావుగంట. మిగతా 167 గంటల పైచిలుకు ఇంట్లోనే. అందుకే ఇంటికిచ్చిన పనే చికిత్సలో పెద్ద భాగం. సంగీతం మాస్టారు వారానికి ఒకరోజు వస్తారు, సాధన మనం చేసుకోవాలి కదా, అలాంటిదే.

"సరే, మాట్లాడితే జబ్బు తగ్గుతుందా? ఆ మాటలేవో మా చెల్లెలితో మాట్లాడుకుంటాను" అనేవాళ్లుంటారు. చెల్లెలితో తప్పకుండా మాట్లాడండి, అదీ బలమే. కానీ ముగ్గూ సాక్ష్యాలూ పెట్టి నడిపే పని వేరు. దానికి రుజువు కోసం అమెరికా దాకా పోనక్కర్లేదు, గోవాలో ఉంది. విక్రమ్ పటేల్, సంగత్ అనే సంస్థ కలిసి అక్కడి పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఒక పరీక్ష చేసి, ఫలితాల్ని 2017లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. పీహెచ్‌క్యూలో 15 లేదా అంతకన్నా ఎక్కువ వచ్చిన 495 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి కాస్త మెరుగుపరిచిన మామూలు వైద్యం. రెండో జట్టుకి దాంతోపాటు, పిన్నికి చేసినలాంటి చికిత్సే, ఆరు నుంచి ఎనిమిదిసార్లు. చేసినవాళ్లు డాక్టర్లు కారు, సైకాలజీ డిగ్రీ ఉన్నవాళ్లూ కారు. శిక్షణ ఇచ్చి, పర్యవేక్షణలో పనిచేయించిన స్థానికులు. మూడు నెలల తర్వాత స్కోరు పది లోపుకి దిగినవాళ్లు మొదటి జట్టులో నూటికి 39, రెండో జట్టులో 64. ఏడాది తర్వాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది.

ఈ రెండు అంకెల్నీ నిజాయితీగా చదువుకోవాలి. థెరపీ లేకుండా కూడా వందలో 39 మంది తేరుకున్నారు. థెరపీ వల్ల ఇంకో 25 మంది తోడయ్యారు, అంటే నలుగురికి చేస్తే ఒకరికి అదనపు మేలు. వైద్యశాస్త్రంలో ఇది చాలా మంచి ఫలితం. 36 మందికి మూడు నెలల్లో పూర్తిగా తగ్గలేదన్నదీ అంతే నిజం. వాళ్లకి దారి మూసుకుపోయినట్టు కాదు. మందు మార్చడం, థెరపీ పొడిగించడం, రెండూ కలపడం ఉంటాయి.

మందుల భయం గురించి. డిప్రెషన్‌కి ఇప్పుడు ఎక్కువగా వాడే మాత్రలు మత్తుమందులు కావు, ఇంకా కావాలని మనిషిని వెంటాడవు. పని మొదలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. లాభం కంటే ముందు నష్టం కనిపించడం వల్లే చాలామంది పదోరోజున ఆపేస్తారు. ఆగండి, డాక్టరుకి ఫోన్ చేయండి. తగ్గిన తర్వాత కూడా సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించమంటారు. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. పాతికేళ్లలోపు వాళ్లకి మొదలుపెట్టిన మొదటి వారాల్లో చావు ఆలోచనలు పెరుగుతున్నాయేమో ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. అలవాటు పడిపోయేవి వేరే ఉన్నాయి. ఆల్ప్రజోలామ్ లాంటి నిద్రమాత్రలు. మందులషాపులో ఎవరో ఇచ్చారని వాటిని నెలల తరబడి మింగడమే అసలు ప్రమాదం. తేలికపాటి, మధ్యస్థ స్థాయిలో థెరపీ ఒక్కటే చాలామందికి సరిపోతుంది. తీవ్రమైతే రెండూ కలిపితేనే మేలు.

ఖర్చు మాటకొద్దాం. పిన్ని వెళ్లినచోట ఒక్కోసారికి 800. పన్నెండుసార్లకి 9,600. వాళ్ల ఊరు తెనాలి నుంచి ఇద్దరి బస్సు చార్జీలు కలిపినా 12 వేలు దాటలేదు. బీరువాలో కవరుకి పెట్టిన 31 వేలు గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌లో ప్రైవేటుగా వెయ్యి నుంచి రెండున్నర వేల దాకా తీసుకునేవాళ్లున్నారు. 1,500 అనుకుంటే పన్నెండుసార్లకి 18 వేలు, మూడు నెలల్లో నెలకి ఆరువేలు. ఇది చిన్న మొత్తం కాదు, కాదని నేను అనను. కాస్త కుదుటపడ్డాక రెండు వారాలకోసారికి మార్చుకోవచ్చు. స్తోమతనిబట్టి ఫీజు తగ్గించేవాళ్లున్నారు, మొహమాటం లేకుండా అడగండి. ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంటుంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా చూస్తారు, మందులూ ఇస్తారు. 2015-16 సర్వేలో వైద్యానికీ ప్రయాణానికీ కలిపి కుటుంబాలు నెలకి వెయ్యి నుంచి పదిహేను వందలు పెడుతున్నట్టు తేలింది. అందులో ప్రయాణం వాటా లేకుండా చేసేది ఫోను. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్‌లో ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే పై స్థాయి నిపుణులకి కలుపుతారు. ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లకి ఆ 14416 మంచి మొదటి మెట్టు.

ఇన్సూరెన్సు వస్తుందా? 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, శరీరపు జబ్బులకి ఎలా ఇస్తారో మనసు జబ్బులకీ అలాగే బీమా ఇవ్వాలంటుంది. అయితే మన పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. థెరపీ అంటే వెళ్లి వచ్చేది. పాలసీ కాగితంలో ఓపీడీ ఖర్చులు ఇస్తారని ఉందో లేదో చూసుకోండి.

ఎవరికైనా తెలిసిపోతుందా? అదే చట్టం మీ వివరాల్ని గోప్యంగా ఉంచమంటుంది. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు లాంటి కొన్ని సందర్భాలే మినహాయింపు. చుట్టాలకి చెప్పడమా మానడమా అన్నది మీ ఇష్టం. ఎర్రగడ్డ, విశాఖ పిచ్చాసుపత్రి అన్న మాటల్ని మనం తిట్లుగా వాడుతూ పెరిగాం. ఆ రెండుచోట్ల ఉన్న ఆసుపత్రులూ ఎన్నో కుటుంబాల్ని నిలబెట్టాయి. డిప్రెషన్ ఉన్నవాళ్లలో అత్యధికులకి ఆసుపత్రిలో చేరే అవసరమే రాదు. కాలేజీకో ఆఫీసుకో వెళ్తూనే వారానికోసారి వెళ్లొస్తారు.

అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలు మాత్రం రెండు సంగతులు తెలుసుకోవాలి. అక్కడి చాలా యూనివర్సిటీల కౌన్సెలింగ్ సెంటర్లలో కొన్ని సెషన్లు కట్టిన ఫీజులోనే వస్తాయి. ప్రాణం మీదికి ఆలోచన వెళ్తే నంబరు 988. ఇక్కడి తల్లిదండ్రులు "అమ్మానాన్నలకి తెలిస్తే బెంగపడతారు" అని పిల్లలు దాచుకునే పరిస్థితి రాకుండా ముందే ఒకమాట అనిపెట్టడం మంచిది.

నాలుగైదుసార్లు వెళ్లినా ఏమీ కదలకపోతే ఆ మాట థెరపిస్టుతోనే అనాలి. స్కోరు నాలుగు వారాలకోసారి మళ్లీ రాయించుకుంటే తెలుస్తుంది. మొదట ఉన్నదాంట్లో సగానికి దిగితే పనిచేస్తున్నట్టు. పిన్నికి నాలుగు వారాలకి 17 నుంచి 13, పన్నెండు వారాలకి 4. మనిషితో కుదరలేదనిపిస్తే మార్చుకోవచ్చు. కుట్టుపని నచ్చక దర్జీని మారిస్తే దర్జీ తప్పూ కాదు, మన తప్పూ కాదు. ఉపదేశాలు చేసేవాళ్లు, పూజలు చేయించమనేవాళ్లు, మీ రహస్యాల్ని వేరేవాళ్ల కథలుగా చెప్పేవాళ్లు, మందులు ఆపేయమనే సైకాలజిస్టులు కనిపిస్తే రెండోసారి వెళ్లకండి.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది చిన్నదే. బాబాయి పన్నెండుసార్లూ వెంట వెళ్లాడు. బయట బెంచీ మీద పేపరు చదువుతూ కూర్చునేవాడు. లోపల ఏం మాట్లాడావని ఒక్కసారీ అడగలేదు. తిరుగు బస్సులో కిటికీ సీటు ఆవిడకి ఇచ్చేవాడు.

డిప్రెషన్ ఒకసారి వచ్చినవాళ్లలో సగం మందికి మళ్లీ ఎప్పుడో రావచ్చు. ఆఖరి సెషన్లు అందుకే దాని గురించి నడుస్తాయి. పిన్ని పుస్తకం చివరి పేజీలో మేడమ్ రాయించిన నాలుగు వాక్యాలున్నాయి. వరసగా నాలుగు రోజులు ముగ్గు వేయకపోతే. మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోతే. కోడలి ఫోన్ ఎత్తబుద్ధి కాకపోతే. ఇందులో ఏ రెండు కలిసినా ఈ నంబరుకి చేయాలి. కింద నంబరు. పేజీ మూల మడిచి ఉంటుంది. కిందటి ఏడాది సంక్రాంతి వెళ్లాక, పిల్లలు తిరిగి వెళ్లిన వారంలో, వాకిలి నాలుగు రోజులు ఖాళీగా ఉంది, మూడింటికి మెలకువ కూడా మొదలైంది. ఐదోరోజు పొద్దున బాబాయి ఆ పేజీ తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడే ఫోన్ చేసింది. ఈసారి రెండుసార్లు వెళ్లొస్తే సరిపోయింది.